క్యాష్ క్లియర్ చేశారా సార్?

ఈ దేశంలో ఏ వెబ్‌సైటుకూ ఎన్నడూ ఏ జబ్బూ చేయలేదు. చేసిందల్లా మన బ్రౌజరుకే. పరీక్ష ఫీజు కట్టే పేజీ తెల్లమొహం వేసినా, ఇంటిపన్ను రసీదు రాకపోయినా, ఓటీపీ కొట్టాక చక్రం తిరుగుతూనే ఉన్నా హెల్ప్‌లైన్‌లో వినబడే మాట ఒక్కటే: "క్యాష్ క్లియర్ చేశారా సార్?" చేయలేదంటే తప్పు మనది. చేశామంటే, సరిగ్గా చేసి ఉండం. "ఇంకోసారి చేసి, ఇరవై నాలుగు గంటలు ఆగండి సార్."

ఆ సలహాను మరీ తీసిపారేయడానికి లేదు. బ్రౌజర్ ఒకసారి చూసిన పేజీలోని బొమ్మల్నీ స్క్రిప్టుల్నీ దాచుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడు వాటినే వాడుకుంటుంది. డేటా మిగులుతుంది, పేజీ త్వరగా వస్తుంది. సైటువాళ్ళు రాత్రికి రాత్రి కొత్త పేజీ ఎక్కించి స్క్రిప్టు ఫైలు పేరు మాత్రం పాతదే ఉంచేస్తే, కొత్త పేజీ మన దగ్గరున్న పాత స్క్రిప్టుతో కాపురం చేయాల్సి వస్తుంది. సబ్మిట్ బటన్ ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. అప్పుడు కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే చాలు, ఆ ఒక్క పేజీ మొత్తం కొత్తగా దిగుతుంది. దానికీ లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, క్యాష్ ఫైళ్ళకు మాత్రమే టిక్ పెట్టి తుడిచేయాలి.

హెల్ప్‌లైన్ అంత సున్నితంగా చెప్పదు. "అన్నిటికీ టిక్ పెట్టి, ఆల్ టైమ్ సెలెక్ట్ చేసి కొట్టేయండి సార్" అంటుంది. కొట్టేస్తాం. క్యాష్‌తో పాటు కుకీలూ పోతాయి. మెయిలు, బ్యాంకు, కరెంటు బిల్లు, రైలు టికెట్టు అన్నీ ఒక్కసారిగా మనల్ని ఎరగనట్టు మొహం పెట్టి "మీరెవరు?" అంటాయి. ఆ పొద్దంతా పాస్‌వర్డులు వెతుక్కోవడం, ఓటీపీలు ఏరుకోవడం. ఫీజు పేజీ మాత్రం అలాగే తెల్లగా ఉంటుంది. పడుకున్నది వాళ్ళ సర్వరు మరి.

తప్పెవరిదో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. అదే పేజీని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. అక్కడ పనిచేస్తే మన క్యాషో, కుకీయో, ఎప్పుడో తగిలించుకున్న ఎక్స్‌టెన్షనో అడ్డం పడుతోందన్నమాట. అక్కడా రాక, ఫోన్లో మొబైల్ డేటా మీదా రాకపోతే మీ ఇంట్లో ఏ తప్పూ లేదు, హాయిగా భోంచేయండి. ఈ పరీక్ష సంగతి నాకు ఏ హెల్ప్‌లైనూ చెప్పలేదు. ఫలితం ఎవరి మీదికి వస్తుందో వాళ్ళకు తెలుసు.

ఇక పాప్-అప్‌ల భాగోతం. మా పేటలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే కుర్రాడొకడున్నాడు. కౌన్సెలింగ్ రోజుల్లో వాడి బల్ల ముందు నిలబడితే చాలు, ఈ-పాలన అంటే ఏమిటో అర్థమవుతుంది.

"తమ్ముడూ, ఇంటి దగ్గర ఫీజు కట్టాం. డబ్బులు పోయాయి, రసీదు రాలేదు" అంటుంది ఒకావిడ, కూతుర్ని పక్కన పెట్టుకుని.

"రసీదు వచ్చిందక్కా. కిటికీ బయట ఆగింది" అంటాడు వాడు.

అడ్రస్ బార్ కుడి చివర మినపగింజంత గుర్తు ఒకటి ఉంటుంది, మూలన ఎర్ర ఇంటూతో. దాన్ని నొక్కి, ఈ సైటుకు ఎప్పుడూ అనుమతి అని పెట్టి, మళ్ళీ రసీదు అడుగుతాడు. కొత్త కిటికీ తెరుచుకుని రసీదు ఊడిపడుతుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ప్రింటుకు పది రూపాయలు.

2004 నాటికే ఫైర్‌ఫాక్సూ, ఆ ఏటి విండోస్ అప్‌డేట్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరూ పాప్-అప్‌లను గుమ్మంలోనే ఆపడం మొదలుపెట్టాయి. పాప్-అప్ ప్రకటనకు తొలి కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో ఒక వ్యాసంలో లోకానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. కన్నతండ్రే చెంపలేసుకున్నా మన సైట్లకు ఆ బిడ్డ మీద మమకారం చావలేదు. రసీదు, హాల్ టికెట్, చలానా వంటి ముఖ్యమైనవన్నీ దాని చేతికే ఇచ్చి పంపిస్తాయి. పేజీ పైన ఎర్రక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతుంటాయి: దయచేసి మీ పాప్-అప్ బ్లాకర్‌ను తీసేయండి. ఆ వాక్యం రాసి పరుగెత్తించిన శ్రమతో రసీదును అదే పేజీలో చూపించొచ్చు. కానీ అప్పుడు సెట్టింగ్ మార్చాల్సింది వాళ్ళవుతారు.

టెండర్లు వేసే కాంట్రాక్టర్ల గోడు వేరు. డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ గుచ్చి, జావా పాత వెర్షన్ వెతికి ఎక్కించి, సైటును ట్రస్టెడ్ సైట్ల జాబితాలో చేర్చి, సెక్యూరిటీని అట్టడుక్కి దించితే గానీ సంతకం పడేది కాదు. భద్రమైన సంతకం కోసం భద్రత తీసేయమనడం మనకే చెల్లింది. ఆ తంతంతా నడిచిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపింది. పోయినవాడిని తలుచుకోకుండా పని జరగని సైట్లు ఇంకా ఉన్నాయి కనుక ఎడ్జ్‌లో ఐఈ మోడ్ అని ఒకటి మిగిల్చింది. మనం అందులో చేర్చిన సైటుకు గడువు 30 రోజులు. తీరగానే మళ్ళీ చేర్చుకోవాలి. మాసికం అన్నమాట.

మా బాబాయిది నోటిఫికేషన్ల బాధ. ఏదో పంచాంగం సైటులో "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి" అంటే, రిటైర్డ్ హెడ్మాస్టరు కదా, రోబో అనిపించుకోవడం ఇష్టంలేక నొక్కాడు. అప్పట్నుంచి తెర కుడిమూల ఎర్రడబ్బాలు లేస్తున్నాయి.

"ఒరేయ్, నాలుగు వైరస్‌లట్రా. పొద్దున మూడే ఉన్నాయి" అన్నాడు ఫోన్లో.

"అవి వైరస్‌లు కావు బాబాయ్, ప్రకటనలు. దేన్నీ నొక్కకు."

"మరి కంప్యూటర్ స్కాన్ చేస్తామంటున్నాడు, పాపం."

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ జాబితాలో ముక్కూమొహం తెలియని పేర్లు వరసగా ఉంటాయి. ఒక్కోదాని పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ కొట్టాలి. అదే పేజీ పైన, ఏ సైటునూ అసలు అడగనివ్వకుండా చేసే మీట కూడా ఉంది. నన్నడిగితే పెళ్ళిలో తాంబూలంతో పాటు ఆ మీట కూడా నొక్కి ఇవ్వాలి. అలౌ నొక్కడానికి ఒక్క క్షణం, వెనక్కి తీసుకోవడానికి ఇన్ని మెట్లు. బాబాయితో ఆ మెట్లన్నీ దిగేసరికి నా ఫోన్ బ్యాటరీ అయిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం తప్పు నిజంగా మన పెట్టెదే. పాత సీపీయూలో నాణెమంత బ్యాటరీ చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏ 2009కో పారిపోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలూ చివరా తేదీలుంటాయి కనుక, ఆ తేదీలో నిలబడి చూస్తే ఏ సర్టిఫికెట్టూ ఇంకా పుట్టలేదు. బ్రౌజర్ ఏ సైటునూ తెరవదు. మీ గడియారం వెనకబడి ఉందని మర్యాదగానే చెబుతుంది. చదివేవాళ్ళుండాలి. గడియారం సరిచేసి, సీఆర్2032 అని అడిగి బిళ్ళ కొనుక్కుంటే సరి.

అన్నిటికంటే నాకు నచ్చిన సెట్టింగ్ డు నాట్ ట్రాక్. 2010 తర్వాత బ్రౌజర్లన్నీ ముచ్చటపడి పెట్టాయి. టిక్ పెడితే, మనం వెళ్ళిన ప్రతి సైటుకూ బ్రౌజర్ "అయ్యా, ఈయన్ని వెంబడించకండి" అని విన్నవిస్తుంది. వినాలన్న చట్టం లేదు. దాదాపు ఎవరూ వినలేదు. పైగా అలా అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి, అడిగినవాణ్ణి గుంపులో గుర్తుపట్టడం సులువైంది. ఆ భయం చెప్పి ఆపిల్ 2019లో సఫారీ నుంచి దాన్ని తీసేసింది. 2025లో ఫైర్‌ఫాక్స్ కూడా తీసేసి, బదులుగా గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అనే ఇంకో టిక్ చూపించింది. ఇది కూడా విన్నపమే, కాకపోతే కాలిఫోర్నియాలో దీని వెనక చట్టం ఉంది. ఈ విన్నపాన్ని పట్టించుకోలేదన్నది సహా కొన్ని ఆరోపణల మీద సెఫోరా అనే సౌందర్య సామగ్రి కంపెనీ 2022లో ఆ రాష్ట్రానికి 12 లక్షల డాలర్లు కట్టుకుంది. సెట్టింగ్ మార్చుకోవలసిన పని మొదటిసారి సైటు మీద పడింది!

నేను వెంటనే టిక్ పెట్టేశాను. మన దగ్గర ఎవరు వింటారన్నది వేరే సంగతి. ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికైతే చట్టం కూడా తోడుంది కదా అని ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "అదెక్కడుంటుంది మావయ్యా?" అన్నాడు. వాడు చేసేది ప్రకటనల కంపెనీలో.