లెక్క తప్పలేదు

అలంపూర్‌లో జోగులాంబ దర్శనం అయిపోగానే చాలామంది బస్సెక్కేస్తారు. సంగమేశ్వరాలయం దాకా వెళ్లేవాళ్లు తక్కువ. నిజానికి ఆ గుడి అక్కడిది కాదు. కృష్ణా, తుంగభద్రా కలిసే కూడవెల్లి దగ్గర బాదామి చాళుక్యుల నాటి నుంచీ ఉన్నది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు అక్కడిదాకా వస్తాయని తేలాక, పురావస్తు శాఖవాళ్లు రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, అలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అలంపూర్‌లోని నవబ్రహ్మ ఆలయాలు మునగకుండా నది నీళ్లకు అడ్డుగా పెద్ద గోడ కూడా కట్టారు. మెచ్చుకోవలసిన పనే.

గుడి ఇరుగుపొరుగు సంగతి వేరు. సుమారు వంద ఊళ్లు, లక్ష మంది దాకా జనం. 1981లో వాళ్లను ఖాళీ చేయించి ఇళ్లు పడగొట్టే కార్యక్రమం ‘ఆపరేషన్ డిమాలిషన్’ అన్న పేరుతో సాగింది. పేరు పెట్టినవాళ్లకు మొహమాటం లేదని ఒప్పుకోవాలి.

ఇది మన ఒక్కరి విద్యే కాదు. రుమేనియా రాజధాని బుకారెస్టులో నియంత చౌషెస్కు తన మహాభవనం కోసం పేటకు పేటే కూలగొట్టిస్తుంటే, ఇయోర్దకెస్కు అనే ఇంజినీరు చర్చీలను అడుగునుంచి కోసి, పైకెత్తి, పట్టాల మీద జరిపించాడు. మిహాయ్ వోదా చర్చి 1985లో అలా సుమారు 290 మీటర్లు కదిలి అపార్టుమెంట్ల వెనక్కి చేరింది. చర్చిలో ప్రార్థన చేసుకునేవాళ్ల ఇళ్లకు మాత్రం ఎవరూ పట్టాలు వేయలేదు.

కార్తీకమాసంలో శ్రీకాకుళం నుంచి బస్సు మాట్లాడుకుని అలంపూర్ వెళ్లిన గుంపులో మా మావ ఉన్నాడు. హిరమండలం దగ్గర వంశధార రిజర్వాయరు కింద ఊరు పోయినవాడు. 19 టీఎంసీల నీళ్లకు చోటు కావాలి మరి. 2017లో అధికారులు పోలీసుల్నీ పొక్లెయిన్లనీ వెంటేసుకుని వచ్చినప్పుడు, రామమందిరంలోని విగ్రహాలను పాత దుప్పట్లో చుట్టి, నెత్తిన పెట్టుకుని పునరావాస కాలనీకి నడిచొచ్చాడు. నంబర్లు వేసి మోసుకెళ్లే శాఖేదీ ఆ రాముడి దాకా రాలేదు.

మామూలుగా మావ దేవుణ్ణి చూస్తాడు గానీ గుడిని చూడడు. ఆ రోజు సంగమేశ్వరాలయంలో మాత్రం చేతికర్ర గోడకానించి, రాయికీ రాయికీ మధ్య అతుకులో బొటనవేలి గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. పక్క రాయి దగ్గరా అంతే. ఇంకో నాలుగు రాళ్లు తడిమాడు.

అది చూసి అక్కడి కుర్రాడొకడు దగ్గరికొచ్చాడు. “మళ్ల కట్టినట్టు కనబడతలేదు గదా తాతా? అన్ని రాళ్లకూ నంబర్లేసిన్రు. ఇప్పి, తెచ్చి, మళ్ల అదే లెక్కల పెట్టిన్రు. ఒక్క రాయి గూడ తప్పిపోలే!”

“దేంతో ఏసినారు బావూ నంబర్లు?”

“రంగుతోనే అయుంటది.”

మావ తలూపాడు. “మాకూ రంగుతోనే ఏసినారు. గుమ్మం పక్కన, ఇంటింటికీ.”

కుర్రాడి మొహం విప్పారింది. “అట్లనా! అయితే మీ ఊరు గూడ గిట్లనే ఇప్పి కట్టిన్రా?”

మావ చేతికర్ర అందుకున్నాడు.

“పొక్లెయినోడు ఆ లెక్క పెకారమే వచ్చినాడు బావూ. ఒక్కిల్లూ తప్పిపోనేదు.”