రంగులు కలిశాయి, చార్టు కలవలేదు

ఖమ్మం జిల్లాకు విమానాశ్రయం లేదు. దాన్నుంచి విడిపోయిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకూ లేదు. కొత్తగూడెం విమానాశ్రయం అనేది ఎన్నికల ముందు గాల్లోకి లేచి, ఓట్ల లెక్కింపు నాటికి దిగిపోయే ఒక మాట. రన్‌వే అక్కర్లేకుండా ఇంత క్షేమంగా ఎగిరి దిగేది దేశంలో మరొకటి లేదు.

అయినా సరే, ఈ వారం ఎయిర్ హోస్టెస్‌ల జీతాల గురించి రాయదలిచాను. భద్రాచలం బస్టాండులో కూర్చుని రాయడానికి ఇంతకన్నా తగిన విషయం దొరకదు. ఎందుకంటే మా డిపో కండక్టర్లు చేసేదీ ఆ ఉద్యోగమే. చేతిలో ట్రే బదులు టికెట్లు కొట్టే టిమ్ మిషన్. ‘బెల్టు పెట్టుకోండి’ బదులు ‘లోపలికి జరగండి’. అత్యవసర ద్వారం ఎటుందో చేతులు చాపి చూపించరు. దానికి అడ్డంగా ఎవరిదో మిరపకాయల బస్తా ఉంటుంది కాబట్టి. మిగతా అంతా ఒకటే. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, రాత్రి ఎక్కడ పడుకోవాలి అనే మూడు సంగతులూ ఒక ఒప్పంద కాగితం మీద ఉంటాయి. రెండు సంస్థలు కలిసినప్పుడు ముందుగా కనిపించకుండా పోయేది ఆ కాగితమే.

విలీనానికి ఒక వరస ఉంది. ముందు రంగు కలుస్తుంది. తర్వాత లోగో. ఆ తర్వాత యూనిఫాం. దానికి ఒక డిజైనరు, ఒక ఫొటో. ఆపైన ‘ఇక మనమంతా ఒకే కుటుంబం’ అని యాజమాన్యం నుంచి ఒక ఉత్తరం. కుటుంబం అన్న మాట వినగానే అనుభవమున్న ఉద్యోగి జేబు తడుముకుంటాడు. కమిటీ వేసి, ఆ కమిటీ చెప్పింది చూడటానికి ఇంకో కమిటీ వేసి, అప్పుడు జీతాలు కలుపుతారు. డ్యూటీ చార్టు వంతు ఎప్పుడొస్తుందో మాత్రం ఏ కమిటీ చెప్పలేదు.

కల్పించి చెబుతున్నానని అనుకునేరు. 2007లో ఎయిరిండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపేశారు. తోకల మీద రంగు కలవడానికి ఎవరూ సమ్మె చేయాల్సిన పని పడలేదు. 2011లో మాత్రం ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు నుంచి వచ్చిన పైలట్లు, ఎయిరిండియా పైలట్లకు ఇచ్చే జీతమే మాకూ ఇవ్వండంటూ విమానాలు దిగి కూర్చున్నారు. నాలుగేళ్లు ఒకే పేరుతో ఎగిరాక లోపల ఇద్దరున్నారని అప్పుడు తెలిసింది. జీతాలూ పదోన్నతులూ ఎలా కలపాలో చెప్పమని జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేశారు.

అమెరికా మనకన్నా ముందుంటుంది కదా, ఆలస్యంలోనూ ముందే ఉంది. యునైటెడ్, కాంటినెంటల్ అనే రెండు సంస్థలు 2010లో ఒకటయ్యాయి. ఫ్లైట్ అటెండెంట్లందరికీ ఒకే ఒప్పందం 2016లో కుదిరింది. ఈ సంస్థ వాళ్లూ ఆ సంస్థ వాళ్లూ ఒకే విమానంలో పక్కపక్కన నిలబడి కాఫీ పోయడానికి 2018 అక్టోబరు రావాల్సి వచ్చింది. ఎనిమిదేళ్లు వాళ్లు ఒకే సంస్థలో రెండు చార్టుల మీద బతికారు. అక్కడ ఇంకో ముచ్చట కూడా ఉంది. చాలా సంస్థల్లో విమానం తలుపు మూసేదాకా అటెండెంటుకు గంటల జీతం మొదలయ్యేది కాదు. ప్రయాణికులు ఎక్కేటప్పుడు చేసే చాకిరీకి సగం రేటన్నా ఇద్దామని 2022లో డెల్టా మొదలుపెడితే అదే పెద్ద వార్త అయింది. ఈ సంగతి మన ఆర్టీసీ పెద్దల చెవిన పడకుండా చూడాలి. తలుపు మూశాకే జీతం అంటే మన పల్లెవెలుగు కండక్టరు రిటైరయ్యేదాకా ఉచితంగా పనిచేయాలి. ఆ బస్సులకు మూసుకునే తలుపులుంటే కదా!

మళ్లీ మన దేశానికి వస్తే, 2024లో టాటాలు నాలుగు విమాన సంస్థలను రెండు చేశారు. వాటిలో విస్తారా పైలట్ల చేతికి కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. అంతకుముందు నెలకు 70 గంటల లెక్కన ఖాయంగా వచ్చే జీతం అందులో 40 గంటల లెక్కకు దిగింది. చిత్రంగా ఆ రోజుల్లోనే చాలామంది పైలట్లకు ఒకేసారి ఒంట్లో బాగాలేకుండా పోయింది. మే నెలలో ఆ జబ్బు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బందికి సోకింది. పదుల కొద్దీ విమానాలు ఆగిపోయాయి. సంస్థ కొందరిని ఉద్యోగంలోంచి తీసేసింది. లేబర్ కమిషనర్ సమక్షంలో కూర్చున్నాక తిరిగి తీసుకుంది. ఏ మాత్రకూ లొంగని జ్వరం లేబర్ కమిషనర్ ఆఫీసులో ఒక్క పూటలో దిగిపోవడం వైద్య కళాశాలల్లో పాఠంగా చెప్పదగ్గది. అక్టోబరు 1న ఒక విలీనం, నవంబరు 12న మరో విలీనం పూర్తయ్యాయి. రంగులు బ్రహ్మాండంగా కలిశాయి.

ఇక నేల మీదికి దిగుదాం.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. 26 డిమాండ్లలో అసలైనది ప్రభుత్వంలో విలీనం. అది జరగని పని అని అప్పటి ప్రభుత్వం తేల్చేసింది. డ్యూటీకి రానివాడు తనను తానే డిస్మిస్ చేసుకున్నట్టని ఒక కొత్త సూత్రం కూడా కనిపెట్టింది. లోకంలో ఎక్కడైనా ఉద్యోగం తీసేసే శ్రమ యాజమాన్యం పడుతుంది. ఆ శ్రమనూ కార్మికుడి మీదే వేసిన ఘనత మనది.

ఇక్కడ ఒక్క క్షణం హాస్యం పక్కన పెట్టాలి. ఆ సమ్మెలో ఖమ్మం డిపో డ్రైవరు ఒకరు ఒంటికి నిప్పంటించుకుని, మర్నాడు అక్టోబరు 13న ప్రాణం విడిచారు. జీతం, డ్యూటీ, విలీనం అనే మాటల వెనక ఒక ఇల్లు ఉంటుందని ఖమ్మానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

52 రోజుల తర్వాత సమ్మె విరమించారు. డిసెంబరు 1న ముఖ్యమంత్రి కార్మికులను పిలిచి భోజనం పెట్టి వరాలిచ్చారు. పదవీ విరమణ వయసు 58 నుంచి 60 అయింది. మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి 8 గంటలకల్లా ముగియాలన్నారు. మంచి మాట. కాకపోతే ఆ మాట బస్సుకూ, చర్ల రోడ్డులో ఎదురొచ్చే ఇసుక లారీలకూ, రోడ్డు మధ్యలో స్థిరనివాసం ఏర్పరచుకున్న గుంతలకూ ఎవరూ చెప్పలేదు. వాటిని ఆ సభకు పిలవకపోవడం పెద్ద లోపం.

దాదాపు నాలుగేళ్లు గడిచాయి. 2023 జూలై 31న అదే ప్రభుత్వం, అదే ముఖ్యమంత్రి, 43,373 మంది ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుతున్నామని ప్రకటించారు. జరగని పని జరిగే పనైంది. మధ్యలో ఆర్థిక శాస్త్రం మారలేదు, డీజిల్ ధర తగ్గలేదు, ఎన్నికలు మాత్రం నాలుగు నెలల దూరానికి వచ్చాయి. బిల్లు మీద గవర్నరు వివరణలడిగారు. విలీనం కోసం ఒకప్పుడు ప్రభుత్వం మీద సమ్మె చేసిన కార్మికులు ఇప్పుడు విలీనం కోసమే రాజ్‌భవన్ ముందు నిలబడ్డారు. ఆగస్టు 6న శాసనసభ ఆమోదించింది. సెప్టెంబరు 14న సంతకం పడింది. ఇక అమలు తేదీ ఒక్కటి ప్రకటించాలి. అది ప్రకటించేలోగా ఎన్నికలొచ్చి ప్రభుత్వమే మారింది. 2025 మేలో సంఘాలు తలపెట్టిన సమ్మె నోటీసులో విలీనం మళ్లీ డిమాండుగా కనిపించింది. ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు, సమ్మె వాయిదా పడింది. చట్టం అయ్యాక కూడా డిమాండుగా మిగిలిపోవడం చట్టాలన్నిటికీ దక్కే అదృష్టం కాదు.

జీతం మాటా చెప్పుకుందాం. 2017 వేతన సవరణ (పీఆర్‌సీ)ని 21 శాతం ఫిట్‌మెంటుతో ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు, అమలు జూన్ 1 నుంచి. ఏడేళ్ల ఆలస్యం. విమానం ఏడు గంటలు ఆలస్యమైతే కనీసం ఒక సాండ్‌విచ్చయినా చేతిలో పెడతారు.

ఇప్పుడు అసలు ముచ్చట. భద్రాచలం ఊరు తెలంగాణది, ఊరు దాటితే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది. 2014 మే 29న, రాష్ట్రం పుట్టడానికి నాలుగు రోజుల ముందు, పోలవరం ప్రాజెక్టు కోసం ఒక్క ఆర్డినెన్సుతో ఇక్కడి ఏడు మండలాల నేలను అటు కలిపేశారు. ఆ పల్లెలు ముందు గోదావరి జిల్లాల్లో కలిశాయి, 2022లో కొత్త జిల్లాల్లో కలిశాయి. నేలను కలపడం ఎంత సులువో చూశారా? కమిటీ లేదు, కేడర్ లేదు, అరియర్స్ లేవు. మట్టికి పే స్కేలు ఉండదు కాబట్టి.

ఈ సరిహద్దులో ఇద్దరు కండక్టర్లు, మావాడొకడూ ఆంధ్రా వాడొకడూ, టీ దగ్గర కలిశారనుకోండి. 2015 దాకా ఇద్దరిదీ ఒకే ఆర్టీసీ. మావాడు మొదలుపెడితే వాళ్ల సంభాషణ ఇలా నడుస్తుంది.

“ఏం తమ్ముడూ, 2020 జనవరి ఒకటి నుంచి మీరు ప్రభుత్వమంట కదా?”

“అవునన్నా. నేను ప్రభుత్వం, పబ్లిక్ ట్రాన్స్‌పోర్టు డిపార్ట్‌మెంటు. బస్సు మాత్రం కార్పొరేషన్‌ది.”

“అంటే బస్సుకూ నీకూ సంబంధం లేదా?”

“చెడిపోతే తోసేది నేనే గదన్నా, ఆ సంబంధం ఉంది. జీతం ట్రెజరీ ఇస్తది. జబ్బు చేస్తే ఈహెచ్‌ఎస్ కార్డు. పాత ఆర్టీసీ వైద్యమే నయం, అదే ఇవ్వమని మా యూనియన్లు అడుగుతున్నయ్. మరి మీ సంగతేంది?”

“మాకు చట్టముంది.”

“అమల్లో ఉందా?”

“గెజిట్‌లో ఉంది.”

“పోనీ, చార్టు మారిందా అన్నా?”

“అది నేను నిన్నడుగుదామనుకుంటున్నా.”

“మా తెల్లారగట్ల బస్సుకు నేను ప్రభుత్వోద్యోగినని ఇంకా తెలవదన్నా.”

అసలు రోగం ఆ చివరి మాటలో ఉంది. 2025 దాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని చెప్పింది. విరామాలన్నీ కలుపుకొని డ్యూటీ 12 గంటలకు మించి సాగకూడదంది. దాన్ని డిపో భాషలో స్ప్రెడ్ ఓవర్ అంటారు. పొద్దున కొంత, సాయంత్రం కొంత పనిచేసి, మధ్యలో బస్టాండులో కూర్చునే గంటలు ఎవరివి? పని కావు కాబట్టి సంస్థవి కావు. ఇంటికి పోలేడు కాబట్టి కార్మికుడివీ కావు. అమెరికాలో తలుపు మూయకముందు అటెండెంటు నిలబడే గంటలూ, ఇక్కడ కండక్టరు కూర్చునే గంటలూ ఒకే ఖాతాలో పడతాయి: ఎవరికీ చెందని ఖాతా.

ఏజెన్సీ దారుల్లో ఆ ఖాతా ఇంకా పెద్దది. చర్ల దాటి వెంకటాపురం వైపు రాత్రి హాల్టుకు పోయిన కండక్టరు డబ్బు సంచి తలకింద పెట్టుకుని పడుకుంటాడు. దాన్ని విశ్రాంతి అంటారు. మావోయిస్టుల వారోత్సవాలొస్తే రాత్రి సర్వీసులు ఆగేవి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరి వంతెన మూసేశారు. నదికి మూడు హెచ్చరిక మట్టాలున్నాయి: 43, 48, 53 అడుగులు. కండక్టరు పనిగంటలకు ఒక్క హెచ్చరికా లేదు.

ఆపైన 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం. కూలికి పోయే తల్లులకూ, కాలేజీకి పోయే పిల్లలకూ అది నిజంగా మేలు చేసింది. కానీ జీరో టికెట్టు కొట్టడానికీ టిమ్ మిషన్ మీద వేలు నొక్కాల్సిందే, ఆధార్ చూడాల్సిందే. జనం బాగా పెరిగారు, కండక్టరు మాత్రం ఒక్కరే. మా వైపు ఇంకో పరీక్ష కూడా ఉంది. ఒకే సీటులో కూర్చున్న ఇద్దరక్కచెల్లెళ్లలో భద్రాచలం అక్కకు జీరో టికెట్టు, ఎటపాకకు కోడలిగా పోయిన చెల్లెలికి డబ్బుల టికెట్టు. ఆంధ్రప్రదేశ్ కూడా 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం తెచ్చింది. అది అంతర్రాష్ట్ర సర్వీసులకు చెల్లదన్నారు. ఆటో ఎక్కి దిగేంత దూరం మా దగ్గర అంతర్రాష్ట్ర ప్రయాణం. రెండు రాష్ట్రాల విధానాన్ని ఆ చెల్లెలికి విప్పి చెప్పాల్సింది సచివాలయం కాదు, కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డ కండక్టరమ్మ. ఈ పనికి ఆమె పే స్లిప్పులో గడి లేదు.

విలీనం చెడ్డదని నేననడం లేదు. ఉద్యోగ భద్రత కావాలని 48 వేల మంది ఊరికే రోడ్డెక్కరు. విమాన సంస్థలు కలవడమూ పాపం కాదు. యజమాని పేరు మారినంత మాత్రాన పని మారదన్నదే నా మాట. జీతమూ చార్టూ కలపని విలీనం బోర్డు మీద పెయింటు పని మాత్రమే.

కాబట్టి ముంబైలో టాటాలు చెప్పినా, హైదరాబాద్‌లో మంత్రులు చెప్పినా, అమరావతిలో ఇంకెవరు చెప్పినా, విలీనం అనగానే చప్పట్లు కొట్టకండి. రెండు కాగితాలు అడగండి: కలిసిన తర్వాతి నెల పే స్లిప్పు, కలిసిన తర్వాతి వారం డ్యూటీ చార్టు. ఆ రెండూ చేతిలో పెట్టినవాడికే ఓటైనా, సంతకమైనా. అప్పటిదాకా కండక్టరమ్మ ‘లోపలికి జరగండి’ అంటే కసురుకోకుండా జరగండి. ఈ వ్యవహారంలో తన పని పూర్తిగా చేస్తున్నది ఆమె ఒక్కతే.