గడ్డం కింది శాసనం

ముఖానికి కట్టుకునే జానెడు గుడ్డ విషయంలో లోకంలోని జాతులన్నీ ఒకే తీరుగా నడుచుకోలేదని చరిత్ర చెబుతోంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా అమెరికాను కుదిపేసినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలకులు మాస్కును తప్పనిసరి చేయగా, అది తమ స్వేచ్ఛకు సంకెళ్లని భావించిన పౌరులు 1919 జనవరిలో ఏకంగా ఒక మాస్కు వ్యతిరేక సమితిని స్థాపించుకొని, సభలు జరుపుకొని, తమకెందుకు ఇష్టం లేదో కారణాలతో సహా పాలకులకు విన్నవించుకున్నారు. తెలుగువారికి ఇంత శ్రమ ఎన్నడూ అవసరపడలేదు. 2020 మార్చి నుంచి రెండేళ్లపాటు సాగిన కొవిడ్ ఆంక్షల కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ మాస్కును ఎదిరించడమే పనిగా పెట్టుకున్న ఉద్యమమేదీ తలెత్తలేదు. ‘మాస్కు పెట్టుకోవాలండీ, జనానికి బొత్తిగా భయం లేకుండా పోయింది’ అని నిట్టూర్చని పెద్దమనిషి కనిపించేవాడు కాదు. అలా నిట్టూరుస్తున్న సమయంలో ఆయన మాస్కు ఆయన గడ్డం కింద విశ్రాంతి తీసుకుంటూ ఉండేది. ఎదిరించినవాడు కారణం చెప్పాలి, వాదించాలి, ఒక్కోసారి వాదంలో ఓడిపోవాలి కూడా. ఒప్పుకున్నవాడికి ఈ బాధలేవీ ఉండవు. శాసనాన్ని తలూపి అంగీకరించి, ఆ తల మీదికి మాత్రం దాన్ని రానివ్వకపోవడమనే ఈ విద్యలో తెలుగువారు సాధించిన నైపుణ్యానికి తగిన పరిశీలన ఇంతవరకు జరగలేదు.

శాస్త్రం చెప్పినది నిజానికి చాలా చిన్న మాట. మనిషి మాట్లాడినా, దగ్గినా, పాట పాడినా నోటి నుంచి తుంపర్లు, అంటే కంటికి ఆనీ ఆనని తడిబిందువులు వెలువడతాయి. వాటిలో మరీ సన్నవి వెంటనే నేలరాలక గాలిలో తేలుతూ ఉంటాయి, వాటినే ఏరోసోళ్లు అంటారు. జబ్బు లక్షణాలు పైకి కనిపించకముందే మనిషి వైరస్‌ను వెదజల్లగలడు గనుక, ఎవరు రోగి, ఎవరు కాదన్న విచారణ పెట్టుకోకుండా అందరి తుంపర్లనూ పుట్టినచోటే ఆపాలన్నది గుడ్డమాస్కు వెనుక ఉన్న సూత్రం. ఇంట్లో కుట్టుకున్న మాస్కులు వాడమని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ మొదటి వారంలోనే సూచించింది; ఇదే సలహాను ప్రజలందరికీ ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5 దాకా తటపటాయించింది. లోకమంతటికీ సలహాలిచ్చే సంస్థ కంటే రెండు నెలల ముందు మేల్కొన్న ఘనత అలా భారతదేశానికి దక్కింది, అయితే అది ప్రకటనలో దక్కిన ఘనత.

చిక్కు ఆ సూత్రంలోనే ఉంది. గుడ్డమాస్కు కట్టుకున్నవాడి కంటే ఎదుటివాడికి ఎక్కువ మేలు చేస్తుంది. తన డబ్బుతో కొని, తన చెవులకు తగిలించుకొని, ఉక్కపోతకు తాను ఓర్చుకొని, ఫలాన్ని మాత్రం బస్సులో పక్క సీటులోని అపరిచితుడికి ధారపోయాలనే ప్రతిపాదన, ‘ఊరికి ఉపకారి, ఆలికి అపకారి’ అన్న సామెతను పుట్టించుకున్న సమాజానికి అనుమానాస్పదంగా తోచడంలో వింత లేదు. సొంత తలనే కాపాడే హెల్మెట్టు సైతం ఇక్కడ మోచేతికి వేలాడుతూ ప్రయాణించి, చౌరస్తా దగ్గరపడగానే నెత్తికెక్కుతుందన్న సంగతి తెలిసినవారు, పరుల ముక్కును కాపాడే గుడ్డకు అంతకంటే మంచి గతి పడుతుందని ఆశించకూడదు. ఈ మనస్తత్వాన్ని అందరికంటే ముందుగా గ్రహించినవాడు వ్యాపారి. గాలిలోని అతి సన్నని కణాలను నూటికి 95 పాళ్లు వడగట్టేది గనుక ఎన్-95 అని పేరు పొందిన మాస్కుకు ఒక కవాటం, అంటే లోపలి గాలిని బయటకు వదిలే చిన్న తలుపు అమర్చి అమ్మగా, కలిగినవాళ్లు దానిని ఎగబడి కొన్నారు. లోపలికి వచ్చే గాలి వడగట్టబడుతుంది, తాను వదిలే గాలి మాత్రం ఆ తలుపు గుండా ఉన్నదున్నట్టు ఊరి మీదికి పోతుంది. ఇది వ్యాప్తిని అరికట్టదని ఆరోగ్య శాఖ 2020 జులైలో రాష్ట్రాలకు లేఖ రాసినా దాని గిరాకీ తగ్గలేదు; తన చెత్తను పక్క వాకిట్లోకి ఊడ్చే అలవాటుకు ఇంత చక్కని యంత్రరూపం అంతకుముందు రాలేదు మరి.

ధారణ పద్ధతుల విషయానికి వస్తే, వాటిని వర్గీకరించడానికి సంస్కృత పరిభాష తప్ప గత్యంతరం లేదు. గడ్డాన్ని మాత్రమే కప్పేది చిబుకత్రాణం. ఇది అత్యంత ప్రచారం పొందినది, ముఖంలో వైరస్ ప్రవేశానికి ఎంతమాత్రం అవకాశం లేని భాగాన్ని ఇది కట్టుదిట్టంగా రక్షిస్తుంది. నోటిని మూసి ముక్కును వదిలేది నాసికావిముక్తం. దీనిని ధరించినవారు తాము నియమాన్ని పాటిస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్ముతారు, వారితో వాదించి గెలిచినవారు లేరు. ఒక చెవికి మాత్రమే వేలాడేది ఏకకర్ణావలంబి, టీ తాగేటప్పుడు మొదలై టీ అయిపోయాక కూడా అలాగే కొనసాగేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్వాక్రా మహిళలచేత కుట్టించి మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్‌లో సంకల్పించినప్పుడు, మూడెందుకని కొందరు సందేహించారు గానీ, ఒకటి గడ్డానికి, ఒకటి జేబుకు, ఒకటి బండి హ్యాండిలుకు అని లెక్క చూస్తే ఆ సంఖ్యలోని ఔచిత్యం బోధపడుతుంది.

వీటన్నిటిలో లోతైన అధ్యయనానికి అర్హమైనది మాట్లాడేటప్పుడు మాస్కు దించడమనే ఆచారం. మౌనంగా కూర్చున్నప్పుడు మాస్కు ముక్కు మీద భద్రంగా ఉంటుంది. తుంపర్లు వెలువడే క్షణం, అంటే నోరు తెరిచే క్షణం రాగానే అది కిందికి జారుతుంది. ఫోనులో మాట్లాడేవారు, అవతలివాడు పది మైళ్ల దూరంలో ఉన్నా, దించేవారు. టీవీ గొట్టం ముందుకు వచ్చిన నాయకులు మాస్కు ధరించండని చెప్పడానికి మాస్కు దించేవారు. దీనిని కేవలం అజ్ఞానమని తీసిపారేయడం తొందరపాటే అవుతుంది. పెద్దల ఎదుట భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవడం, చెప్పులు గుమ్మం బయట విడవడం ఈ నేల మీద మర్యాద. కప్పుకున్నదానిని తీయడమే ఇక్కడ గౌరవం. తహసీల్దారు ముందు నిలబడిన రైతు మాస్కు దించి ‘అయ్యా’ అన్నాడంటే, ఆయన వైరస్‌ను మరిచిపోయాడని కాదు, అధికారిని మరిచిపోలేదని అర్థం.

అంటువ్యాధి అన్న మాటలోని అంటు తెలుగువారికి కొత్తది కాదు. మడి, మైల, ఎంగిలి అనే శతాబ్దాల శిక్షణ ఉండనే ఉంది. అయితే ఆ శిక్షణ సూక్ష్మజీవులను ఉద్దేశించినది కాదు, మనుషులను ఉద్దేశించినది. అందువల్ల జబ్బు ఎప్పుడూ బయటివాడి నుంచే వస్తుందని, బంధువు నుంచి రావడానికి వైరస్ సైతం మొహమాటపడుతుందని ఒక సిద్ధాంతం తనంత తానే స్థిరపడింది. నగరాల్లోని అపార్టుమెంటు సంఘాలు పనిమనిషిని గేటు దగ్గరే ఆపాయి, పాలప్యాకెట్లను సబ్బునీళ్లతో కడిగించాయి, కూరగాయలకు ఉప్పు, పసుపుతో స్నానం చేయించాయి; అదే సాయంత్రం మేడ మీద నాలుగు కుటుంబాలు చేరి పేకాట ఆడాయి, ఎందుకంటే అందరూ ‘మనవాళ్లే’. పెళ్లికి యాభై మందికి మించరాదన్న నిబంధనను బంతికి యాభై అని వ్యాఖ్యానించిన పెళ్లిపెద్దలు మీమాంసకులకు ఏమాత్రం తీసిపోరు. ఇంటికి వచ్చిన ఆటోడ్రైవరును మాస్కు సరిగా పెట్టుకోమని కసిరిన గృహస్థు, ఆ ఆటోలోంచి దిగిన బావమరిదిని మాస్కు తీయకపోతే కోప్పడ్డాడు.

జనం ఇలా ఉన్నారు సరే, శాసించినవారి తీరు ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు వలస పాలకులు హడావుడిగా చేసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టమే 2020లోనూ ప్రభుత్వాల చేతికి దొరికింది. పాలితులను నమ్మని పాలకులు రాసుకున్న చట్టం కాబట్టి దుమ్ము దులిపి వాడుకోవడానికి పెద్దగా ఇబ్బంది కలగలేదు. 2020 మార్చి చివర హైదరాబాదు హాస్టళ్లు మూతపడి, అక్కడి పోలీసులు రాసిచ్చిన పత్రాలు పట్టుకొని సొంతూళ్లకు బయలుదేరిన ఆంధ్ర ప్రాంతపు యువత రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు దగ్గర ఆగిపోయారు. ఒక తెలుగు ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఇంకో తెలుగు ప్రభుత్వానికి చదవరాలేదు. 2021 మేలో కర్నూలు దారిలో తెలంగాణ సరిహద్దు వద్ద రోగులున్న అంబులెన్సులను నిలిపివేస్తే, వదలమని చెప్పడానికి ఆ రాష్ట్ర హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ఆ నెలలోనే ఆంక్షల సడలింపు తెలంగాణలో ఉదయం ఆరు నుంచి పది దాకా, ఆంధ్రలో ఆరు నుంచి పన్నెండు దాకా ఉండేది. కనుక వైరస్ సరిహద్దుకు ఈవల పదింటికే నిద్రలేచి, ఆవల మధ్యాహ్నం దాకా పడుకునేదని భావించాలి. ఊరంతటి కొనుగోళ్లనూ నాలుగు గంటలలోకి కుదించినప్పుడు రైతుబజార్లలో ఎడం పాటించడానికి ఎడమన్నది ఎక్కడ మిగిలిందో ఉత్తర్వులలో రాయలేదు.

ఎన్నికలకు మాత్రం వైరస్ కూడా కట్టుబడింది. 2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్‌లో, తిరుపతిలో ఉపఎన్నికల పోలింగు జరిగే దాకా రోడ్‌షోలు, సభలు యథావిధిగా నడిచాయి. సరిగ్గా మూడు రోజులకు, ఏప్రిల్ 20న, తెలంగాణలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం అయిదు దాకా కర్ఫ్యూ వచ్చింది. పగలు ఊరేగవచ్చు, రాత్రి పాలప్యాకెట్టుకు వెళ్లరాదు. అంతకు ఏడాది ముందు, 2020 మే 4న ఆంధ్రలో మద్యం దుకాణాలు తెరుచుకొని, తాగుడు తగ్గించాలన్న సదాశయంతో రెండు రోజుల్లో ధర 75 శాతం పెరిగినప్పుడు, సున్నంతో గీసిన వృత్తాలలో మనుషులకు బదులు చెప్పులు, సంచులు నిలబడ్డాయి. రెండేళ్లలో భౌతిక దూరాన్ని అక్షరాలా పాటించినవి ఆ చెప్పులే. వాటి యజమానులు పక్కనున్న చెట్టునీడన ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకొని వాటి క్రమశిక్షణను పర్యవేక్షించారు.

ఇక జరిమానా. మాస్కు లేని ముఖానికి తెలంగాణ 2020 మేలో 1,000 రూపాయల వెల కట్టింది. ఆంధ్రప్రదేశ్ 2021 ఆగస్టు నాటి ఉత్తర్వులో 100 రూపాయలు. విభజన చట్టంలో ఆస్తుల పంపకం తెగలేదు గానీ, ముక్కు విలువ ఇలా పదింతల తేడాతో తేలిపోయింది. దీని ఫలితమేమంటే, మాస్కు నోటికి, గాలికి మధ్య ఉండే తెర అన్న భావన పోయి, పోలీసుకు, పర్సుకు మధ్య ఉండే తెర అన్న భావన నిలిచింది. పోలీసు కనిపిస్తే ఎక్కుతుంది, దాటితే దిగుతుంది, కెమెరా ఉన్న కూడలిలో ఒక క్షణం ఎక్కువసేపు ఉంటుంది. మాస్కు ఒక సుంకంగా మారింది; వసూలు చేసేవాడికే సుంకం చెల్లించాలి, ఖాళీ దారిలో చెల్లించేవాడు వెర్రివాడు.

ఈ సుంకంలో నవ్వుకు చోటులేని భాగం కూడా ఉంది. తమకు సరిపడా ఎన్-95 మాస్కులు లేవని 2020 ఏప్రిల్‌లో బహిరంగంగా అడిగిన నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడు సస్పెండ్ అయ్యాడు. అదే ఏడాది జులైలో చీరాలలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు తగిలిన గాయాలతో కొద్ది రోజులకు చనిపోయాడు. కొట్టారని కుటుంబం చెప్పింది, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. మాస్కు అడిగినవాడికీ శిక్షే, పెట్టుకోనివాడికీ శిక్షే. అడగని, పెట్టుకోని, కానీ గడ్డం మీద ఉంచుకున్న మధ్యేమార్గవాదికి మాత్రం ఏ హానీ జరగలేదు. జనం ఏ పాఠం నేర్చుకోవాలో అదే నేర్చుకున్నారు.

2021 మే 21న నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా ఆయుర్వేద మందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడిన దృశ్యం ఈ రెండు సంవత్సరాల సారాన్నంతా ఒకేచోట చూపింది. మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే చర్చ. ఆసుపత్రిలో పడక, ఆక్సిజను దొరకని ఆ రోజుల్లో అక్కడికి పరుగెత్తినవారిని ఎగతాళి చేయడం సులువు, న్యాయం కాదు. కానీ వ్యాధి సోకకుండా మందు తీసుకుందామని వచ్చినవారు, ఆ మందు చేతికందే లోపల వ్యాధి సోకడానికి కావలసిన ఏర్పాట్లన్నీ తమకు తామే చేసుకున్నారు. రద్దీ అదుపు తప్పి పంపిణీయే ఆగిపోయింది.

విపత్తు నిర్వహణ చట్టం కింద విధించిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి. ఆ కాలానికి గుర్తుగా దుకాణాల ముందు వెలిసిపోయిన వృత్తాలు, వాటి మీద నిలిపిన బైకులు మిగిలాయి. పెళ్లి ఆల్బములు కూడా మిగిలాయి. వధువు చీర అంచుకు సరిపడేలా జరీతో కుట్టించిన మాస్కులు ఆ ఆల్బముల్లో ఎంత వెతికినా కనిపించవు. రెండు ప్రభుత్వాలు, వాటి ఉత్తర్వులు, జరిమానాలు, ప్రతి ఫోను కాలుకు ముందు హెచ్చరికగా వినిపించిన దగ్గు, వీటిలో దేనికీ దక్కని సంపూర్ణ విధేయత ఆ కాలంలో ఒక్క ఫొటోగ్రాఫరుకు దక్కింది. ఆయన ‘ఒక్కసారి మాస్కులు తీయండి సార్’ అనగానే మండపంలో ఉన్న యాభై మందీ, ఆ వెనుక ఉన్న నాలుగు వందల యాభై మందీ, ఒక్కరూ మారు మాట్లాడకుండా తీశారు.