షోరూము వాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

చైత్రము సగమైన పిమ్మట బెజవాడలో పగటి యెండ డాబా స్లాబులలో దూరి అర్ధరాత్రి దాటినను వెడలక, పై అంతస్తున పడుకొన్నవారు తడిగుడ్డలు కప్పుకొని, బాల్కనీలలో దొర్లి, తుదకు నిద్రపై ఆశ వదలుకొన్న తరుణమున, గృహస్థు డొకడు భార్యను, తల్లిని వెంటబెట్టుకొని ఏసీలమ్ము షోరూమున ప్రవేశింపగా, కంపెనీ పేరుగల చొక్కా తొడిగిన యువకు డొకడు చిరునవ్వుతో ఎదురువచ్చి, వారి గది యెట్టిదో, అందు పడుకొనువా రెందరో, వారింటి మీటరు ఎంత లోడు మోయునో ఒక్కటియు నడుగకయే ఒక్క యూపిరిలో నుచ్చరించు మహావాక్యమునకు ఇంతవరకు వ్యాఖ్యాత లేకపోవుట మన సారస్వతమునకు కొఱతయే. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు సంతరించిన మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతపు కొల్చారమువాడు. మూలమున లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది పలుకననియు ఆయన చేసిన ప్రతిజ్ఞ పండితలోకమున ప్రసిద్ధము. అందలి రెండవ సగము గృహోపకరణములను కొనువారికిని చక్కగా వర్తించును. మొదటి సగమును మాత్రము నే నిచ్చట పాటింపజాలను; ఏలయన ఈ మూలమున ముఖ్యముగా నుండవలసినదే లేదు.

మూలము

“సార్, ఇది ఒన్ అండ్ హాఫ్ టన్, ఫైవ్ స్టార్, ఇన్వర్టర్, టెన్ ఇయర్స్ వారంటీ, నో కాస్ట్ ఈఎంఐ. ఆఫర్ ఇవాళే లాస్ట్. కళ్ళు మూసుకుని తీసుకోండి సార్.”

ప్రతిపదార్థము

సార్ = ఓ యజమానీ (నిర్ణయము ప్రక్కనున్న యిల్లాలిదని యెరుగక చేసిన సంబోధనము); ఇది = గోడకు తగిలింపబడి, తీగె తగిలింపబడక, ఇంతవరకు ఎవ్వరికిని చల్లగాలి యీయని యీ నమూనా; ఒన్ అండ్ హాఫ్ టన్ = ఒకటిన్నర టన్ను శక్తి కలది; ఫైవ్ స్టార్ = పంచ నక్షత్ర శోభితము; ఇన్వర్టర్ = వేగమును మార్చుకొనగల కంప్రెసరు కలది; టెన్ ఇయర్స్ వారంటీ = పదేండ్ల అభయము (దేనికో చెప్పబడలేదు); నో కాస్ట్ ఈఎంఐ = వడ్డీ కనబడని వాయిదాలు; ఆఫర్ = తగ్గింపు ధర; ఇవాళే = ఏ దినమున వచ్చిన ఆ దినముననే; లాస్ట్ = ఆఖరు; కళ్ళు మూసుకుని = విచారణ విడిచి; తీసుకోండి = కొనుడు; సార్ = పునరుక్తి, ఆదరాతిశయము వలన దోషము గాదు.

తాత్పర్యము

ఓ గృహస్థుడా! ఈ యంత్రమునకు గుణములు పెక్కు కలవు. నీ సంగతి నాకు తెలియదు. డబ్బు కట్టుము.

వ్యాఖ్య

తీసుకోండి యనునది సమాపక క్రియ. మూసుకుని యనునది క్త్వార్థకము. ఈ రెంటికిని కర్త యొక్కడే కావలయునని వ్యాకరణము. కావున కన్నులు మూయువాడును, యంత్రమును కొనువాడును, జ్యేష్ఠమాసపు కరెంటు బిల్లు చూచి కన్నులు తెఱచువాడును ఒక్కడే యని గ్రహింపవలెను.

టన్ను యనగా యంత్రపు బరువు గాదు. శీతలయంత్రములు లేని కాలమున మంచుగడ్డలతో చల్లబఱచువా రుండిరి; 2,000 పౌన్ల మంచు ఒక దినమున కరగుటకు ఎంత వేడిమిని గ్రహించునో ఆ వడిని ఒక టన్ను శక్తి యనిరి; అది గంటకు 12,000 బీటీయూలు, మన లెక్కలో సుమారు 3,517 వాట్లు. ఆ లెక్కన ఒకటిన్నర టన్ను 5,275 వాట్లు కావలయును. ఐనను ఒకటిన్నర టన్నని పిలువబడు యంత్రముల చీటీపై శీతలీకరణ సామర్థ్యము 4,800 అనియో 5,000 అనియో వ్రాసియుండుట కలదు. నామధేయమునకును సంఖ్యకును వైరుధ్యము వచ్చినపుడు సంఖ్యయే ప్రమాణము. ఆ సంఖ్య యెంత కావలయుననునది గదిని బట్టి యుండును. నూటయిరువది చదరపు టడుగుల గది క్రింది అంతస్తున నున్నచో టన్ను చాలునేమో గాని, అదే గది స్లాబు క్రిందనుండి పడమటి గోడ యెండకు కాగుచున్నచో ఒకటిన్నర లేక చల్లబడదు.

ఇక నక్షత్రములు. వీనిని ప్రసాదించునది 2001 నాటి ఇంధన పొదుపు చట్టమువలన 2002లో వెలసిన కేంద్ర సంస్థ బీఈఈ. 2006లో నక్షత్రపు చీటీల పద్ధతి యారంభమైనది. నక్షత్రములు ఎక్కువైన కొలది అంతే చల్లదనమునకు తక్కువ కరెంటు. ఈ నక్షత్రములకును గ్రహచారము కలదు: ప్రమాణములు కొన్నేండ్ల కొకసారి బిగింపబడును, నిన్నటి అయిదు నేడు నాలుగగును; అందుచేతనే చీటీపై కాలావధి ముద్రింపబడును. దానికంటె ముఖ్యమైనది, ఎవ్వరును చదువనిది, ఏడాదికి ఇన్ని యూనిట్లని వ్రాసిన పంక్తి. అది యంత్రము ఏడాదికి 1,600 గంటలు నడచునని యెంచి కట్టిన లెక్క. మన గృహస్థుడో వేసవిలో నూరు రాత్రులు, రాత్రికి ఆరు గంటలు నడుపును. అనగా 600 గంటలు. అయిదు నక్షత్రముల చీటీపై 750 యూనిట్లును, మూడు నక్షత్రముల చీటీపై 950 యూనిట్లును ఉన్నవనుకొందము. చీటీ ప్రకారము తేడా 200 యూనిట్లు. ఈతని వాడుకకు 75 మాత్రమే. యూనిటు తొమ్మిది రూపాయలైనను ఏడాదికి 675 రూపాయలు. అయిదు నక్షత్రములకు తొమ్మిదివేలు అదనముగా నిచ్చినచో ఆ సొమ్ము తిరిగివచ్చుటకు పదమూడేండ్లు దాటును. పదేండ్ల అభయము అప్పటికి తీరియుండును.

తెలంగాణలో గృహజ్యోతి క్రింద 200 యూనిట్లలోపు సున్న బిల్లు పొందు కుటుంబమునకు ఈ గణితము తలక్రిందులగును. ఏసీ వలన ఆ గీత దాటిన నెలలో మొత్తము బిల్లు మీద పడును గనుక, వారికి నెలకు ఇరువది యూనిట్ల తేడాయే నక్షత్రముల వెల రాబట్టవచ్చును. చీటీ యొక్కటే, ఫలము వేఱు.

ఇన్వర్టరు అనుచోట శ్లేషవలన పెక్కుమంది మోసపోవుదురు. కరెంటు పోయినపుడు ఫ్యాను తిప్పు బ్యాటరీ పెట్టెను మన యిండ్లలో ఇన్వర్టరందురు; ఏసీలోనిది అది గాదు, కరెంటు పోయినచో ఇదియు పోవును. పాతరకపు కంప్రెసరు పూర్తివేగమున నడచును, లేదా పూర్తిగా ఆగును. ఇది గది చల్లబడినకొలది వేగము తగ్గించుకొని నడచును. గంటసేపు వేసి ఆర్పివేయు యింట ఆ గంటయు వేగముగానే నడచును గనుక పొదుపు స్వల్పము. రాత్రియంతయు నడచు చోటనే దీని గుణము తెలియును.

పదేండ్ల వారంటీలో యంత్రశరీరమంతయు మర్త్యము, గుండెకాయ యగు కంప్రెసరొక్కటియే చిరంజీవి. తక్కిన భాగములకు సాధారణముగా ఒక్క యేడే. తఱచు పాడగునవి సర్క్యూటు బోర్డును, గ్యాసు కారు కాయిలును ఐనను వానికెన్నేండ్లో యువకుడు చెప్పడు, అడిగినచో చీటీ చూపును. మచిలీపట్నము, విశాఖపట్నములవలె ఉప్పుగాలి వీచు ఊళ్లలో ఈ ప్రశ్న మొదట అడుగవలసినది.

వాయిదాల విషయమున సున్న వడ్డీ యనునదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే తేల్చినది. ఇప్పటి పద్ధతిలో వడ్డీ యెంతయో అంత రాయితీ ముందుగా తగ్గించి చూపుదురు. ఆ వడ్డీపై (క్రెడిట్ కార్డు వాయిదాలైనచో) 18 శాతము జీఎస్టీయు, ప్రాసెసింగు రుసుమును కొనువానివే. రొక్కమిచ్చినచో ఆ రాయితీ నాకు దక్కునా యని ప్రశ్నించుట మర్యాదాభంగము గాదు. ఇవాళే లాస్ట్ అనుదానిపై వ్యాఖ్య అనావశ్యకము; ఎల్లుండి పోయి చూచినచో మూలమే మరల వినబడును.

శంక: ప్రక్కింటివారు ఇదే కొన్నారు, వారి గది చల్లగనే యున్నది గదా? సమాధానము: వారిది క్రింది అంతస్తు, పడమట వేపచెట్టు కలదు.

వాక్యార్థము బోధపడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడు కావలయునని శాస్త్రకారులు. నిప్పుతో తడుపుమన్న వాక్యమున వ్యాకరణదోష మేమియు లేదు, యోగ్యతయే లేదు. షోరూము వాక్యమునకును ఈ మూడే పరీక్షలని నా సిద్ధాంతము. ఆకాంక్ష యనగా అసలు కావలసినది ఏసీయా, నిద్రయా యను విచారణ. స్లాబుపై తెల్లని చల్లపూత వేసినచో గది వేడిమి తగ్గును. 2023లో తెలంగాణ ప్రభుత్వము కూల్ రూఫ్ విధానమే ప్రకటించినది. యోగ్యత యనగా వస్తువునకును మనకును పొత్తు కుదురుట. పొడిగాలి గల హైదరాబాదు, కర్నూలులలో నీటికూలరుతో వేసవి గడపవచ్చును. కాకినాడలో అదే కూలరు గాలిలోని తేమను పెంచి చెమటను మిగుల్చును. గోడకున్నది 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గేయైనచో, ఒకటిన్నర టన్ను యంత్రమునకు 16 ఆంపియర్ల ప్లగ్గును, దానికి తగిన లావుపాటి తీగెయు వేయింపవలెను. మీటరునకు అనుమతించిన లోడు చాలునో లేదో చూడవలెను. రాగిగొట్టము మూడు మీటర్లు దాటినచోను, బయటి యంత్రమునకు స్టాండు కావలసినచోను సాధారణముగా వేఱే బిల్లు.

సన్నిధి యనగా మరమ్మతువాని సామీప్యము. మే నెలలో యంత్రము మొరాయించినపుడు ఫోనులో వినవచ్చు సంగీతము ఆలకించుచు మూడు దినములు గడపవలసిన ఊరిలో, ఎంతటి కీర్తిగల కంపెనీదైనను ఆ యంత్రము దూరస్థమే. కొనకముందే ఊరిలోని మెకానిక్కు నడిగి, ఏ కంపెనీ విడిభాగములు తనకు త్వరగా దొరకునో తెలిసికొనుట నక్షత్రములు లెక్కించుటకంటె మేలు. అతడు కమీషనులేని వ్యాఖ్యాత. సెల్‌ఫోను, వాషింగు మెషీను, మిక్సీలకును ఈ యధికరణమే చాలును.

శాస్త్రగ్రంథములన్నిటను మొదట ఈ గ్రంథమునకు అధికారి యెవ్వడని విచారింతురు. మూలమున లోపించినది ఆ యొక్క పదమే. గుణములన్నియు యంత్రమునకు చెప్పబడినవి. ఎవ్వనికి అవి గుణములగునో చెప్పబడలేదు. కావున మన బెజవాడ గృహస్థునకు నిర్ణయ మిది: పై అంతస్తు, పడమటి గోడ గనుక ఒకటిన్నర టన్ను తగును, రాత్రి ఆరు గంటలు ఎడతెగక నడచును గనుక ఇన్వర్టరు తగును, నక్షత్రములు మూడు చాలును. మిగిలిన తొమ్మిదివేలు స్లాబుపై తెల్లపూతకును, కిటికీకి మందపు తెరకును వెచ్చింపదగును. అయిదు నక్షత్రముల యంత్రము అదే మేడలో క్రింద క్లినిక్కు పెట్టుకొని, దినమునకు పది గంటల వంతున ఏడాదికి మూడువందల దినములు ఏసీ నడుపు డాక్టరుగారు కొనవలసినది. అదే లెక్కన ఆయనకు ఏటికి 375 యూనిట్లు మిగులును, అదనపు ధర మూడేండ్లలోపే తిరిగివచ్చును.