పచ్చ అనగానేమి?

తెలుగులో రంగుల పేర్లన్నిటిలోకీ ఉదారమైనది 'పచ్చ' అనే మాట. చిగురుటాకూ పచ్చనే, ముత్తయిదువ పాదమూ పచ్చనే, కామెర్ల రోగి కన్నూ పచ్చనే. తేడా తెలియాలనుకున్నవారు ముందు 'ఆకు' అనో 'పసుపు' అనో చేర్చుకోవలసి ఉంటుంది. ఈ సందిగ్ధతకు కేంద్ర రవాణా శాఖ 2018లో చట్టబద్ధత కల్పించిందనే చెప్పాలి: విద్యుత్ వాహనాలన్నిటికీ ఆకుపచ్చ నంబరు పలక బిగించమని, దాని మీద సొంత కార్లకు తెల్లని అక్షరాలు, కిరాయి బండ్లకు పసుపుపచ్చ అక్షరాలు రాయించమని ఆదేశించడంతో, రెండు నైఘంటిక అర్థాల్లోనూ పచ్చనైన ఏకైక పదార్థంగా విద్యుత్ టాక్సీ చరిత్రకెక్కింది.

పర్యావరణ స్పృహ ప్రస్తుతం రెండు చోట్ల నివాసముంటోంది: ఒకటి కారు వెనకనున్న పలక, రెండోది ఆఫీసు భవనం ముంగిటనున్న ఫలకం. పలకకూ ఫలకానికీ తేడా ఒక ఒత్తూ ఒక సున్నా అని వ్యాకరణవేత్తలు అనవచ్చు గాని, ఖర్చులో తేడాకు చాలా సున్నాలు కావాలి.

ఫలకం సంగతి ముందుగా చూడాలి. భవనాన్ని కట్టిన తీరు, అది వాడే కరెంటు, నీరు, లోపలి గాలి మొదలైనవాటికి మార్కులు వేసి, మొత్తాన్ని బట్టి వెండి, బంగారం, ప్లాటినం అని తరగతులుగా విభజించే పద్ధతికి హరిత భవన రేటింగ్ అని పేరు. ఈ విద్యలో హైదరాబాద్ ఆలస్యంగా బడిలో చేరిన విద్యార్థి కాదు. లీడ్ అనే అమెరికన్ రేటింగ్ పద్ధతిలో అమెరికా వెలుపల మొట్టమొదటి ప్లాటినం 2003లో దక్కింది ఈ నగరంలోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే, దాన్ని 2004 జూలైలో ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలామే. నడుమ ఆకాశం కనిపించే ప్రాంగణం, ఎండను చిల్లుల్లోంచి వడగట్టే జాలీ గోడలు, పైకప్పు మీద మట్టీ మొక్కలూ, లోపలికి వచ్చే గాలిని దారిలోనే చల్లబరిచే గాలి గోపురాలు అందులో ఉన్నాయి. కోస్తా జిల్లాల మండువా లోగిలిని చూసినవారికి, వేసవిలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లిన ఇళ్లలో పెరిగినవారికి ఇందులో కొత్తదనం పెద్దగా తోచకపోవచ్చు; తాతగారికి తెలిసిన సంగతికి మనవడికి ప్లాటినం దక్కింది, అంతే.

అయితే ఆ భవనం చుట్టూ గత ఇరవై ఏళ్లలో లేచిన నగరం దాని దగ్గర నేర్చుకున్నది ప్లాటినం అనే మాటను మాత్రమే. గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ కొసన నిలబడి చూసినా కనిపించేవి అద్దాల గోపురాలు. అద్దం స్వభావం విచిత్రమైనది: సూర్యుడి నుంచి వచ్చే వెలుతురును లోపలికి రానిస్తుంది, ఆ వెలుతురు సోకి వేడెక్కిన బల్లలూ కుర్చీలూ తిరిగి విడుదల చేసే వేడిని మాత్రం బయటికి పోనివ్వదు, చలి దేశాల్లో మొక్కల్ని బతికించడానికి అద్దాల గదులు కట్టేది ఈ గుణం కోసమే. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఉద్యోగుల్ని ఆ మొక్కల స్థానంలో కూర్చోబెట్టడం మానవ వనరుల పెంపకంలో ఒక ప్రయోగంగా భావించాలి.

ఆ ప్రయోగం ఖరీదును లెక్కగట్టడం కష్టం కాదు. శీతలీకరణను టన్నుల్లో కొలుస్తారు. ఒక టన్ను మంచుగడ్డ ఇరవైనాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తొలగించే శక్తికి ఒక టన్ను అని పేరు, అది సుమారు మూడున్నర కిలోవాట్లు. పడమటి గోడకు నూరు చదరపు మీటర్ల అద్దం ఉండి, దాని మీద సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్ల చొప్పున పడి, అందులో సగమే లోపలికి చొరబడిందనుకున్నా, 30 కిలోవాట్ల వేడిని బయటికి నెట్టాలి; అంటే ఎనిమిదిన్నర టన్నులు, ఇళ్లలో వాడే ఒకటిన్నర టన్నుల ఏసీలైతే దాదాపు ఆరు, కేవలం ఆ ఒక్క గోడకు క్షమాపణ చెప్పుకోవడానికి.

వరుస ఇక్కడితో ఆగదు. వెలుతురు కోసం అద్దం పెడతారు, వెలుతురు ఎక్కువైందని అద్దానికి నల్లరంగు పొర అద్దుతారు, అయినా కంప్యూటరు తెర కనిపించడం లేదని లోపల పరదాలు దించుతారు, చీకటి పడిందని పట్టపగలు దీపాలు వేస్తారు, దీపాల వేడికీ మనుషుల వేడికీ గోడ వేడికీ కలిపి ఏసీ పెంచుతారు, ఏసీ చలికి తట్టుకోలేక ఉద్యోగులు స్వెట్టర్లు వేసుకుంటారు. ఈ ఆరు మెట్లలో ప్రతి మెట్టు మీదా ఉత్తమమైన, అత్యంత పొదుపైన, అయిదు నక్షత్రాల సామగ్రినే వాడినట్టు పత్రాలుంటాయి. అసలు గోడే ఉంటే సరిపోయేది కదా అనే సందేహానికి మార్కులు వేసే గడి మాత్రం పట్టికలో చిన్నది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందనడం అన్యాయం. భవనాల్లో ఇంధన పొదుపు నియమావళిని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2007లోనే తెచ్చి, 2017లో సవరించింది. 100 కిలోవాట్లు, ఆపైన కరెంటు కనెక్షన్ ఉన్న వాణిజ్య భవనాలకు వర్తించే ఆ నియమావళి ప్రకారం గోడ వైశాల్యంలో కిటికీల వాటా నలభై శాతం మించకూడదు. మించాలనుకున్నవారికీ దారి ఉంది: భవనం మొత్తం వాడకం నియమబద్ధమైన నమూనా భవనం కంటే ఎక్కువ కాదని కంప్యూటరులో నిరూపిస్తే చాలు. కంప్యూటరులో కట్టిన భవనంలో సాయంత్రం ఏడు తర్వాత ఎవరూ దీపాలు మరిచిపోరు, పద్దెనిమిది డిగ్రీల మీద మమకారం పెంచుకున్న మేనేజరూ అక్కడ ఉండడు. ఇళ్ల ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది గాని, అది గది ఏసీలకే పరిమితం. అంతస్తులన్నిటినీ ఒకేసారి చల్లబరిచే పెద్ద యంత్రాలు ఆ చిన్నకారు రైతు జాబితాలోకి రావు.

మరి పైకప్పు మీద సౌరఫలకాలు ఉన్నాయి కదా అని అడగవచ్చు, ప్రచార పత్రాల్లో మొదటి బొమ్మ వాటిదే. ఇరవై అంతస్తుల భవనం, అంతస్తుకు 2,000 చదరపు మీటర్లు అనుకుంటే, పైకప్పంతా ఖాళీ లేకుండా ఫలకాలు పరిచినా 200 కిలోవాట్లు పడతాయి, రోజుకు 800 యూనిట్లు వస్తాయి. కింద ఉన్న 40,000 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు ఏడాదికి 150 యూనిట్ల చొప్పున, రోజుకు 16,000 యూనిట్లకు పైగా తాగుతాయి. అంటే ఇరవైకి ఒకటి. అదీ నీళ్ల ట్యాంకులు, శీతల గోపురాలు, సెల్ టవర్లు, హెలికాప్టరు దిగే వలయం పక్కకు తప్పుకుంటే.

తక్కిన పందొమ్మిది వంతుల పచ్చదనాన్ని కొనుక్కోవచ్చు. పునరుత్పాదక ఇంధన ధ్రువపత్రం అనే సదుపాయం దేశంలో 2010 నుంచి ఉంది. ఎక్కడో సూర్యుడి నుంచో గాలి నుంచో 1,000 యూనిట్లు పుట్టినందుకు ఒక పత్రం జారీ అవుతుంది, ఆ పత్రం కొన్నవారు ఆ మేరకు తామే పచ్చని కరెంటు వాడినట్టు ప్రకటించుకుంటారు. ఒకరి ఉపవాసం మరొకరికి పుణ్యంగా బదిలీ కావడం ఈ దేశానికి కొత్త కాదు, ఆ డబ్బు కొత్త సౌర కేంద్రాలకు కొంత ఊతమిస్తుందనీ ఒప్పుకోవాలి. చిక్కల్లా సాయంత్రమే. గచ్చిబౌలిలో సూర్యుడు అస్తమించే వేళకు కాస్త వెనకా ముందూగా కర్నూలు సౌర పార్కులోనూ, రాజస్థాన్‌లోని భడ్లాలోనూ అస్తమిస్తాడు. పత్రం మాత్రం అస్తమించదు. ఆ వేళ వెలిగే దీపాల్లో ఎక్కువ భాగం రామగుండం, కొత్తగూడెం బాయిలర్ల పుణ్యం.

ఇక పలక. దేశంలో పుట్టే కరెంటులో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే కాబట్టి విద్యుత్ కారు వ్యర్థమనే వాదన ఒకటి పెట్రోలు అభిమానుల్లో ప్రచారంలో ఉంది, ఇది తప్పు. యూనిట్ కరెంటు పుట్టించడానికి గ్రిడ్ సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడిచే కారు దారి నష్టాలన్నీ కలిపినా కిలోమీటరుకు 120 గ్రాముల దగ్గర ఉంటుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు 150 దాటుతుంది. పైగా గ్రిడ్‌లో సూర్యుడి వాటా పెరిగేకొద్దీ విద్యుత్ కారు వయసుతోపాటు శుభ్రపడుతుంది, పెట్రోలు కారుకు ఆ యోగం లేదు.

అయితే పలక బరువు చూడదు. యూనిట్‌కు అయిదున్నర కిలోమీటర్లే నడిచే రెండు టన్నుల విద్యుత్ ఎస్‌యూవీ లెక్క 150 గ్రాముల దాకా వెళుతుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే చిన్న పెట్రోలు కారుది 115. బొగ్గు తవ్వకాన్నీ పెట్రోలు శుద్ధినీ పక్కన పెట్టి చూస్తే, తెల్ల పలక చిన్నకారు కన్నా ఆకుపచ్చ పలక పెద్దకారే ఎక్కువ పొగ, కాకపోతే ఆ పొగ మంచిర్యాల జిల్లాలో వెలువడుతుంది గనుక ఐటీ కారిడార్‌లో గాలి నాణ్యత మీటరు దాన్ని గమనించదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా ఎత్తేసినప్పుడు కూడా బరువు గురించి ఎవరినీ నొప్పించలేదు. మెట్రో దిగి నడిచి వచ్చినవారికి ఏ రంగు పలకా లేదు. బస్టాపు దగ్గరగా ఉన్నందుకు భవనానికి మార్కులు వేసే పద్ధతులున్నాయి, బస్సు ఎక్కినందుకు ఎవరికీ వేసే పద్ధతి లేదు.

పెట్రోలు కార్లకు కూడా పచ్చదనం ప్రసాదించే ఉద్దేశంతో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి తీసే ఈ ద్రవంలో శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. దాన్ని తయారు చేసే ఫ్యాక్టరీ పక్కనే వద్దని 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం రోడ్డు మీద బైఠాయించి పనులు ఆపించారు. కారుకు అన్నం పెట్టడంలో ఉన్న ఔదార్యాన్ని ఊరివారు గుర్తించలేకపోయారు.

పలకా ఫలకమూ కలుసుకునే చోటు భవనం సెల్లార్. దేశంలో సౌర విద్యుత్ మిగులుగా ఉండేది మధ్యాహ్నం, కార్లన్నీ కదలకుండా నిలబడి ఉండేదీ మధ్యాహ్నమే, అదీ ఆఫీసు కిందనే. శాస్త్రం ప్రకారం విద్యుత్ కారుకు ఇంతకంటే ముహూర్తబలం లేదు. కాబట్టే సెల్లార్‌లో వందల కార్ల మధ్య రెండో మూడో ఛార్జింగ్ పాయింట్లు అమర్చి, వాటి ముందు తరచుగా పెట్రోలు కారు నిలిపి ఉంచుతారు. మిగతావారు ఇంటికి వెళ్లి, రాత్రి పదకొండింటికి, బొగ్గు మీద ఛార్జింగ్ పెట్టుకుంటారు.

ఆ పాయింట్లలో ఒకటి దొరికిన అదృష్టవంతుడి కారు తాగుతుండగా కరెంటు పోయిందనుకుంటే, పది సెకన్లలో పక్కగదిలోని డీజిల్ జనరేటర్ గర్జిస్తుంది, ఛార్జర్ మీద పచ్చదీపం మళ్లీ వెలుగుతుంది. డీజిల్ ఇంజన్ జనరేటరును తిప్పడం, ఆ కరెంటుతో మోటారు తిరిగి చక్రాలు కదలడం అనే ఈ ఏర్పాటు రైల్వేలకు దశాబ్దాలుగా తెలుసు. దానికి వారు డీజిల్ లోకో అని పేరు పెట్టుకున్నారు, ఆకుపచ్చ పలక బిగించాలని మాత్రం వారికి తోచలేదు.