టార్పాలినీ వ్యాఖ్య

మూలం

“ఈ యేడు ఎండలే కాయలేదురా. మాగాయ ముక్క బూజు పట్టింది. రోహిణి కూడా మోసం చేసింది.”

అవతారిక

ఇది 2025 మే నెల చివరి వారంలో మా పెద్దమ్మ రాజమండ్రి నుంచి హైదరాబాదుకు ఫోనులో సెలవిచ్చిన వచనం. గ్రంథకర్త్రి వయసు డెబ్బై నాలుగు. “పాలవాడు ఇవాళ నీళ్లలో పాలు కలిపాడు”, “ఫ్యాను రెండు మీదే ఉంచు” వంటి ఈమె పూర్వకృతులు బంధువర్గంలో ప్రసిద్ధాలు. పై మూడు వాక్యాలు చూడ్డానికి తేలిక. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ వ్యాఖ్యానించలేదు.

మన మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాయబోతూ రెండు మాటలు ఇచ్చాడు: ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని. మేము మొదటి మాటకు కట్టుబడుతున్నాము. రెండోదానికి కట్టుబడితే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోతుంది కనుక దాన్ని సవినయంగా వదులుకుంటున్నాము. ఈ వ్యాఖ్యకు ‘టార్పాలిని’ అని పేరు. తడిసేదాన్ని కప్పుతుంది కాబట్టి పేరు అన్వర్థం. గోదావరి వైపు దీన్నే బరకం అంటారు. ‘బరక వ్యాఖ్య’ అంటే ఎవరైనా గోకుతుందనుకుంటారేమోనని మానుకున్నాము.

ప్రతిపదార్థం

ఈ యేడు = విశ్వావసు నామ సంవత్సరం. విశ్వావసువు ఒక గంధర్వుడు, పాటగాడు. మే అంతా ఆకాశంలో మృదంగం మోగడానికి ఇదే కారణమని మా పెదనాన్న మతం. మేము ఖండించము.

ఎండలే = ఇక్కడ బహువచనం గమనించాలి. సూర్యుడు ఒక్కడే, ఎండలు అనేకం. వానలు పడతాయి, ఎండలు కాస్తాయి. చలి మాత్రం పాపం ఒంటరిగా వేస్తుంది. తెలుగువాడు దేనికి బహువచనం వాడాడో దానితో వాడికి లెక్కాచారం ఉందని అర్థం. చివరి ‘ఏ’ అవధారణార్థకం. కాయాల్సినవి చాలా ఉన్నాయి, అందులో ఎండలే కాయలేదు అని నొక్కడం. ‘ఎండ’కూ ‘ఎండు’ అనే క్రియకూ ఉన్న చుట్టరికం ముందు ముందు ఉపయోగపడుతుంది. చదువరులు దాన్ని ఒక పక్కన పెట్టుకోగలరు, తడవని చోట.

కాయలేదు = వచనానికంతటికీ ప్రాణం ఈ పదంలో ఉంది. ఇంకో భాషలో సూర్యుడు వెలుగుతాడు, ప్రకాశిస్తాడు, మహా అయితే మండుతాడు. తెలుగులో కాస్తాడు. చెట్టు కాసినట్టు కాస్తాడు. అంటే ఎండ మనకు ఒక పంట. ఆపైన ఈ కాయడానికి ఉన్న అర్థాలన్నీ ఆ నెలలో పెద్దమ్మకు అడ్డం తిరిగాయి. ఎండ కాయలేదు. పెరట్లో మామిడి బాగానే కాసింది గాని ఈదురుగాలికి సగం రాలింది. మేడ మీద ఆరేసిన ముక్కలను వాన రాకుండా కాపు కాయడానికి మనిషి లేడు. నాలుగు చినుకులు పడగానే తీయనందుకు పెదనాన్న “తప్పు కాయవే” అన్నారు, పెద్దమ్మ కాయలేదు. కాచినవి ఒక్క పాలే, అవీ విరిగాయి. ఒకే క్రియకు ఇన్ని అర్థాలూ ఒకే ఇంట్లో, ఒకే నెలలో, అన్నీ ప్రతికూలంగానే ప్రయోగమయ్యాయి. వైయాకరణులు ఇటువంటి సందర్భం కోసం జీవితమంతా ఎదురుచూస్తారు.

రా = సంబోధన. వాతావరణ విషయంలో వినేవాడి దోషం కూడా కొంత ఉందని ధ్వని.

ఆక్షేపం. ఏప్రిల్‌లో ఇదే గ్రంథకర్త్రి ఇదే ఫోనులో “ఈ ఎండలకు ఈసారి పోతానేమోరా” అని సెలవిచ్చి ఉన్నారు. మార్చి నెలాఖరున భారత వాతావరణ శాఖ కూడా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు, వడగాడ్పు రోజులు మామూలుకంటే ఎక్కువే అని చెప్పింది. ఆ మాట విని పెదనాన్న కూలర్‌కు గడ్డి మార్పించి, మోటారు బాగు చేయించి, కిటికీకి బిగించారు. మరి చల్లబడితే సంతోషించక ఈ ఏడుపు ఏమిటి? పూర్వాపర విరోధం కదా?

సమాధానం. కాదు. ఒంటికి తగిలే ఎండ వేరు, మేడకు తగిలే ఎండ వేరు. మొదటిది శత్రువు. రెండోది జీతం లేని పనిమనిషి. మన ఇళ్లలో ఏడాదికి సరిపడా వండి పెట్టేది నిజానికి ఆ పనిమనిషే. సగ్గుబియ్యం వడియాలు, పిండి వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, మామిడి ఒరుగులు, మిల్లుకు పంపే ఎండు మిరపకాయలు, పసుపు కొమ్ములు, కొత్త చింతపండు... వీటిలో ఒక్కటీ పొయ్యి మీదే పూర్తి కాదు. ఆ పనిమనిషి చెప్పా పెట్టకుండా నెల రోజులు మానేసింది. ఎవరైనా ‘హాయిగా ఉంది’ అంటారా? అన్నారు. హైదరాబాదులో ఉన్న మేము అన్నాము. అప్పుడే మూలంలోని ‘రా’ పుట్టింది.

మాగాయ ముక్క = ఇక్కడ పామరులు పొరబడతారు. ఆవకాయ అనలేదు, మాగాయ అన్నారు. ఆవకాయకు ఎండ ఉపచారం మాత్రమే: ముక్క తుడిస్తే చాలు, ఆవపిండీ కారమూ ముందే ఎండి ఉంటే చాలు, నూనె మిగతాది చూసుకుంటుంది. మాగాయకు ఎండే ప్రాణం. పుల్లకాయ తొక్క తీసి, ముక్క కోసి, ఉప్పూ పసుపూ వేసి జాడీలో మూడు రోజులు ఊరబెడతారు. మూడో రోజు ముక్కను ఊటలోంచి పిండి పాత చీర మీద పరుస్తారు. ముక్క ఎండలో ఉండాలి, ఊట కూడా గిన్నెలో పక్కనే ఎండలో ఉండాలి. ముక్క అంచులు వంకర తిరిగి, వేలితో వంచితే తోలులా వంగి, విరగకుండా ఆగాలి. అప్పుడు మళ్లీ ఊటలో కలిపి కారమూ మెంతిపిండీ పోపూ. మంచి మే అయితే ఎండలో రెండు రోజుల పని.

ఆ మేలో పెద్దమ్మ ముక్కను నాలుగుసార్లు మేడ ఎక్కించి నాలుగుసార్లు దించింది. ఐదోసారి హాల్లో మంచం మీద పాత చీర పరిచి, ఫ్యాను ఐదు మీద పెట్టింది. రెండు మీద ఉంచాలనే తన సిద్ధాంతాన్ని తానే కాదన్నదంటే ఎంత కష్టకాలమో గ్రహించాలి. ఇంటికి వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, మాగాయ మంచం మీద పడుకుంది.

అక్కడే మేము ఒక పక్కన పెట్టుకొమ్మన్న చుట్టరికం పని చేస్తుంది. తెలుగులో ఆరడం వేరు, ఎండడం వేరు. బట్టలు ఆరతాయి, తల ఆరుతుంది, గాయం ఆరుతుంది. వడియం ఎండుతుంది, మిరపకాయ ఎండుతుంది, చేప ఎండుతుంది. ఆరడానికి గాలి చాలు. పైనున్న తడి పోతే ఆరినట్టే. ఎండడానికి లోపలి తడి పైకి రావాలి, దానికి ఎండ కావాలి. ఫ్యాను కింద మాగాయ ముక్క ఆరింది, ఎండలేదు. చేత్తో ముట్టుకుంటే పొడిగా ఉంది. కొరికితే లోపల చెమ్మ. పైగా గదిలో గాలే తడిగా ఉంటే ఫ్యాను ఆ తడినే తిప్పి తిప్పి ముక్కకు విసురుతుంది.

బూజు పట్టింది = మూడో రోజు పొద్దున్న ముక్క అంచున తెల్లగా, దూదిపింజలా. పెదనాన్న ఉప్పు తేలిందన్నారు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. దానిపై మరి వ్యాఖ్య అనవసరం.

ఆక్షేపం. ఒక జాడీ పచ్చడికి ఇంత టీకా?

సమాధానం. జాడీకి మూత ఉంటుంది. కుప్పకు ఉండదు. తెలంగాణలో యాసంగి వడ్లు కోతకొచ్చి కల్లాల్లోనూ కొనుగోలు కేంద్రాల్లోనూ పోసేది ఏప్రిల్, మే నెలల్లోనే. యాసంగి అంటేనే వేసంగి. పేరులోనే వేసవి ఉన్న పంట. తేమ 17 శాతం దాటితే కాంటా ఎక్కదు. ఎండబోసి, నేర్పి, రేపో మాపో తూకం అనుకునే వేళకు వాన. బరకం కప్పితే కింద ఆవిరి పట్టి వడ్లు మొలకెత్తుతాయి, కప్పకపోతే కొట్టుకుపోతాయి. రైతు పొద్దున విప్పుతాడు, మధ్యాహ్నం మబ్బు చూసి కప్పుతాడు, మళ్లీ విప్పుతాడు. పెద్దమ్మ నాలుగుసార్లు చేసిన పనే. మంచం ఒక్కటే తేడా. ఈ భాగానికి వ్యాఖ్యాత దగ్గర హాస్యం లేదు.

రోహిణి = కార్తె. సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించడం మే 25 ప్రాంతాన. రోళ్లు పగులుతాయని పేరుమోసిన కార్తె ఇదే. దీనికి ముందుది కృత్తిక, దాని అధిదేవత సాక్షాత్తూ అగ్ని. అగ్నిహోత్రుడి పక్షం గొడుగు కింద గడిచింది, పోనీ అనుకున్నాము. రోహిణి ఉంది కదా అనుకున్నాము. మే 24న నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయి. మామూలు తేదీ జూన్ 1. ఇంత ముందుగా రావడం 2009 తరువాత ఇదే. అదే రోజు అరేబియా సముద్రంలోని వాయుగుండం రత్నగిరి దగ్గర తీరం దాటి, వెనకాల ఉన్న తేమనంతా లాక్కొచ్చింది. మే 26 నాటికి రుతుపవనాలు మన రెండు రాష్ట్రాల్లోనూ అడుగుపెట్టాయి. అంటే రోహిణి గృహప్రవేశానికీ వానల గృహప్రవేశానికీ మధ్య ఒక్క రోజు. పగలడం మాట దేవుడెరుగు, రోట్లో నీళ్లు నిలిచి దోమలు చేరాయి.

కూడా = మిగతావాళ్లంతా ముందే చేశారు, ఈమె కూడా అని. ఆ మిగతావాళ్ల జాబితా పెద్దదే. ఉత్తరాన పడమటి నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చిన పశ్చిమ అలజడులు, అటు బంగాళాఖాతం ఇటు అరేబియా సముద్రం నుంచి ఎగదోసిన తేమ, నెలాఖరున వాయుగుండం. దేశం మొత్తం మీద మే నెల సగటు వాన 126.7 మిల్లీమీటర్లు, పడాల్సింది 61.4. లెక్కలు మొదలైన 1901 నుంచి ఏ మే నెలలోనూ ఇంత కురవలేదు. ఎడారి గాలికి అలవాటు పడ్డ ఢిల్లీలో 186.4 మిల్లీమీటర్లు పడింది, అదీ ఆ ఊరి మే నెలల్లో రికార్డే. పగటి ఉష్ణోగ్రతల దేశ సగటు 35.08 డిగ్రీలు, 1901 నుంచి చూస్తే ఏడో అత్యల్పం. ఏడో స్థానం అంటే గొప్పేముంది అని పెదనాన్న అన్నారు. ముందున్న ఆరు మేలలో మాగాయ ఎలా పెట్టారని పెద్దమ్మ అడిగింది. రికార్డుల్లో ఆ వివరం లేదు.

మోసం చేసింది = ఇక్కడ పాఠభేదం లేదు గాని అర్థభేదం ఉంది. పెద్దమ్మగారి కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి పేరు కూడా రోహిణే. చినుకు పడితే మేడ మీది చీర లోపల పెట్టమని ఆమెకు పురమాయించినట్టూ, ఆమె చెవుల్లో పాటలు పెట్టుకుని ఉరుము వినలేదన్నట్టూ మా వదిన వాదం. అప్పుడు ‘కూడా’కు అర్థం ఇంకా బాగా కుదురుతుంది: నక్షత్రమూ, అమ్మాయీ, ఇద్దరూ. శ్లేష సహజంగా పడింది. గ్రంథకర్త్రిని అడిగితే “నేనేమన్నా, నీకేం వినబడింది” అన్నారు. మహాకవులందరూ అంతే.

దృష్టాంతం. ఇలా వేసవి ఎగ్గొట్టడం లోకంలో మొదటిసారి కాదు. 1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాలోని సుంబావా దీవి మీద తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. అది ఎగజిమ్మిన గంధకం పై ఆకాశంలో పొరగా పరుచుకుని ఎండను అడ్డింది. మరుసటి ఏడాది యూరపుకూ ఈశాన్య అమెరికాకూ వేసవి రాలేదు. మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతల చిట్టా 1659 నుంచి ఉంది. అందులో అన్నిటికన్నా చల్లని జులై 1816దే, నెల సగటు 13.4 డిగ్రీలు. పంటలు పండక స్విట్జర్లాండులో కరువొచ్చింది. జెనీవా సరస్సు ఒడ్డుకు వేసవి విడిదికి వెళ్లిన కొందరు ఇంగ్లీషు రచయితలు వాన వదలక ఇంట్లో చిక్కుకుని, తోచక దెయ్యం కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. వారిలో పద్దెనిమిదేళ్ల మేరీ మొదలుపెట్టినది 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’గా అచ్చయింది. వాళ్ల ముసురుకు రాక్షసుడు పుట్టాడు, మన ముసురుకు బూజు పుట్టింది. రెండింటికీ ప్రాణం పోసింది తేమేనని సాదృశ్యం. మనకు 2025లో ఏ అగ్నిపర్వతమూ సాకు లేదు, ఆకాశంలో గాలులు అలా కలిశాయంతే. అందుకే ఎవరిని తిట్టాలో తెలియక పెద్దమ్మ రోహిణిని తిట్టింది.

అలంకారం. వేసవిలో ముసురు అనడం విరోధాభాసం. మంచం మీద మాగాయ స్వభావోక్తి. కిటికీకి బిగించిన కూలర్, అందులో పిచ్చుక పెట్టిన గూడు - ఇది అలంకారమో నిజమో పెదనాన్న ఇంకా తేల్చలేదు. పిచ్చుక మాత్రం కాపురముంది.

తాత్పర్యం

ఈసారి మాగాయ కొనుక్కోవాలి.

శేషం

మూలానికి తరువాత ఒక్క వాక్యం దొరికింది. మే 29 తర్వాత రుతుపవనాలు ఉన్నచోటే ఆగిపోయాయి. అంత తొందరగా వచ్చినవి రెండు వారాలు కదల్లేదు. జూన్ మొదట్లో ఆకాశం విరిగి ఎండ మొదలైంది. పనిమనిషి తిరిగి వచ్చింది. నేనప్పుడు రాజమండ్రిలో ఉన్నాను. పెద్దమ్మ బజారుకు పంపి మిగిలిన పుల్లకాయలు ఐదు కిలోలు తెప్పించి, మళ్లీ కోసి, మళ్లీ ఊరబెట్టి, మూడో రోజు పొద్దున చీర చంకన పెట్టుకుని మేడ ఎక్కింది. వెనక ఊట గిన్నె పట్టుకుని నేను. గచ్చు అప్పటికే కాలుతోంది, చెప్పులు లేకుండా ఒక చోట నిలబడలేకపోయాను. ఆవిడ మాత్రం వంగి ఒక్కో ముక్కా ఒకదానికొకటి తగలకుండా పేర్చింది. అంతా అయ్యాక నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి పైకి చూసింది.

“ఇప్పుడా రావడం!”

ఇప్పుడా = మే అంతా అయిపోయాక. రావడం = క్రియ ఉంది, కర్త లేదు; అధ్యాహారం చేసుకోవాలి. కర్త సూర్యుడని ప్రాచీనుల మతం. కానీ సరిగ్గా అదే క్షణంలో మా పెదనాన్న ముక్కలకు కాపు కాయడానికి కుర్చీ, గొడుగు, పేపరు పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చారు.