పెట్టుబడి లేని డే కేర్: ఓరుగల్లు ఇల్లాళ్లకు ఏడు చిట్కాలు

కాలం బాగాలేదు. ఆయన జీతం సగమే పడుతోంది, చిట్టీ వాయిదా మాత్రం పూర్తిగా కట్టాలి. ఇలాంటప్పుడు చుట్టాలు తప్పకుండా ఇచ్చే సలహా ఒకటుంది: "ఇంట్లనే ఉంటివి గదా, నలుగురు పిల్లలను పెట్టుకోరాదు?" ఆ సలహాను తు.చ. తప్పకుండా పాటించదలచిన హనుమకొండ, వరంగల్, కాజీపేట ఆడబిడ్డల కోసం ఈ చిట్కాలు.

1. మీ కష్టాన్ని ఖాతాలో రాయకండి

పెట్టుబడి అన్న చోట సున్నా వేయండి. ఇల్లుంది, గ్యాసుంది, బోరు నీళ్లున్నాయి, మీరున్నారు. అత్తమ్మ జీతం అడగదు కాబట్టి ఆమెను స్టాఫ్‌లో కలపండి. పిల్లల్ని ఎత్తుకొని ఎత్తుకొని మోకాళ్లు పట్టేస్తే, ఆ మందుల ఖర్చు ఇంటి పద్దులో రాయండి. లాభం కళ్లకు కనబడాలంటే ఇదొక్కటే దారి.

2. అద్దె చూడండి, చోటు చూడకండి

సొంతిల్లు లేకపోతే నాలా పక్కన వెతకండి, చవగ్గా దొరుకుతుంది. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయని ఎవరైనా గుర్తుచేస్తే కంగారు పడకండి. అడ్మిషన్లు జూన్‌లో, వరద ఆగస్టులో. అప్పటికి రెండు నెలల ఫీజు చేతికొస్తుంది. ఆటస్థలం డాబా మీద పెట్టండి. హనుమకొండ కోతులకు అరటిపండు ఎవరి చేతిలో ఉందన్న పట్టింపు లేదు. పిల్లలకు జంతువుల పాఠం అయిపోతుంది.

3. బ్యాంకు వైపు వెళ్లకండి

ముద్ర పథకం కింద శిశు రుణం 50,000 రూపాయల దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. కానీ దరఖాస్తు నింపాలి, ఖర్చెంత, రాబడెంత అని రాసివ్వాలి. ఆ రాతల్లో మీ వ్యాపారం నడుస్తుందో లేదో ముందే బయటపడే ప్రమాదం ఉంది. గాజులు కుదువపెట్టండి, లేదా వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసుకునే ఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకోండి. వాళ్లేమీ అడగరు. ఆ డబ్బులో సగం ఫ్లెక్సీకి పెట్టండి. పేరులో 'ఇంటర్నేషనల్' తప్పనిసరి.

4. దిక్కులేని తల్లిని పట్టుకోండి

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలనీ అంది. జె.పి.ఎన్. రోడ్డు బట్టల కొట్టులో పన్నెండు మందిలో ఒకతిగా పొద్దంతా నిలబడే అమ్మాయి దాకా ఆ గది రాదు. ఆమెకు ఉన్నది మీరే. కనుక జీతంలో సగం ఫీజు అడగండి. కాదనలేదు. మూడో నెలకు ఆమెకూ లెక్క అర్థమై పని మానేసి ఇంట్లో కూచుంటుంది. ఆరో నెలకు మీ గల్లీలోనే ఇంకో డే కేర్ పెడుతుంది, మీకంటే ఐదొందలు తక్కువకు.

5. చదువుకున్న ఆయమ్మను చవగ్గా తెచ్చుకోండి

2020 మార్చిలో కరోనాకు బడులు మూతపడ్డాక ప్రైవేటు టీచర్లు కూరగాయలమ్మారు, ఉపాధి పనికి పోయారు. 2021 ఏప్రిల్ నుంచి సర్కారు వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బేరమాడేటప్పుడు ఆ రోజులు గుర్తుచేయండి. బీఈడీ చదివిన మనిషి ముక్కులు తుడవడానికి ఒప్పుకుంటుంది. వేరే బడి నుంచి పిలుపు రాగానే చెప్పకుండా పోతుంది. పిల్లలు మాత్రం వారం రోజులు ఆమె పేరే పిలుస్తూ ఏడుస్తారు. దీనికి ఖర్చేమీ లేదు.

6. కాదనకుండా చేర్చుకోండి

పిల్లలెంతమందైతే అంత ఆదాయం. పొద్దున పదకొండింటికి మీ హాలు ఇలా ఉంటుంది: ఒకడు పాలు కక్కుతాడు. ఒకతి నీళ్ల డ్రమ్ము ఎక్కి లోపలికి తొంగిచూస్తుంది. ఇంకొకడు పల్లీ గింజను ముక్కులో తోసుకొని, రెండో గింజ కోసం చెయ్యి చాపుతాడు. కుక్కర్ నాలుగో కూత వేస్తుంది. అప్పుడే ఫోన్ మోగుతుంది: "అక్కా, మా బుడ్డోడు తిన్నడా? వీడియో కాల్ జెయ్యరాదు." మధ్యాహ్నం అందరూ ఒకేసారి పడుకోవాలంటే దగ్గు మందు ఒక మూత పొయ్యమని పక్కింటి పెద్దమ్మ చెబుతుంది. పాటించేవాళ్లు ఎంజీఎం ఆసుపత్రి పిల్లల వార్డుకు ఆటో ఎంత తీసుకుంటుందో ముందే కనుక్కోవాలి. అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం తల్లులే సంచిలో పెట్టి పంపిస్తారు. అదే ఉడికించి, బిల్లులో 'స్పెషల్ న్యూట్రిషన్' అని వేయండి.

7. పైసలు అడగడం మర్యాద కాదు

వచ్చినవాళ్లందరినీ చెల్లె, వదినె అని పిలవండి. కాగితం రాసుకోకండి. ఆరింటికి తీసుకుపోవాల్సిన తల్లి ఏడున్నరకు ఫోన్ చేస్తుంది: "అక్కా, బండి ఇంక జనగామ దాటలె." కాజీపేటలో దిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది. అదనపు గంటలకు డబ్బు అడిగితే వరస చెడుతుంది. నెలాఖరుకు "జీతం పడలె అక్కా, సగం తీసుకో" అంటే తీసుకోండి. మీ ఇంట్లోనూ సగమే పడింది కదా, బాధ తెలిసినవాళ్లు.

చివరిగా ఒక హెచ్చరిక. నెలాఖరున కాగితం, పెన్ను పట్టుకోకండి. ఎనిమిది మంది పిల్లలు, తలకు 2,500 అనుకుంటే 20,000. పాలు, కూరగాయలు, గ్యాసు, కరెంటు, ఆయమ్మ, ఫైనాన్స్ కిస్తీ కలిపి 14,000 పోతే మిగిలేది 6,000. రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు అంటే 312 గంటలు. గంటకు 19 రూపాయల చిల్లర, అందులో అత్తమ్మ వాటా ఉంది. ఈ లెక్క ఒక్కసారి వేసిన మనిషి ఊరుకోదు. పిల్లల్ని తగ్గిస్తుంది, ఫీజు కాగితం మీద రాయిస్తుంది, ఆలస్యానికి గంటకింత అంటుంది, ఇంట్లోవాళ్లను ఒక పూట పిల్లల్ని చూడమంటుంది. అలాంటి ఆమెకు ఈ చిట్కాలు దేనికీ పనికిరావు.